మీనాక్షిసుందరం-ప్లైయెల్ జీటా ప్రమేయం

మీనాక్షిసుందరం-ప్లైయెల్ జీటా ప్రమేయం అనగా లాప్లాస్ ఆపరేటర్ యొక్క ఐగెన్ విలువలతో నిర్మించిన ఒక అనంత శ్రేణి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం, స్వీడన్ గణితజ్ఞుడు ఓకె ప్లైయెల్ కలిసి 1949లో కెనేడియన్ జర్నల్ ఆఫ్ మేథమేటిక్స్ మొదటి సంపుటంలో దీనిని ప్రకటించారు. పేరు భయపెట్టేదిగా ఉన్నా, మూల భావం ఒక వీణ తీగతో బోధపడుతుంది.

పరిబద్ధత

ఒక రేఖీయ ఆపరేటర్ ఏ ప్రమేయంపై పనిచేసినా, ఫలితం యొక్క మానం అసలు ప్రమేయం మానానికి ఒక స్థిరమైన రెట్టింపు సంఖ్యను దాటకపోతే, దానిని పరిబద్ధ ఆపరేటర్ అంటారు. అవకలన ఆపరేటర్లకు సాధారణంగా ఈ గుణం ఉండదు. రెండు కొసలూ బిగించిన, "పై" (సుమారు 3.1416) పొడవు గల తీగను తీసుకుందాం. రెండవ అవకలజాన్ని తీసి గుర్తు మార్చే ఆపరేటర్ ఈ తీగ యొక్క మొదటి కంపన రూపాన్ని 1తోను, రెండవదానిని 4తోను, మూడవదానిని 9తోను, నూరవదానిని 10,000తోను గుణిస్తుంది. ఈ గుణకాలే ఐగెన్ విలువలు. వాటి సమితి ఈ ఆపరేటర్ వర్ణపటం. గుణకాలు హద్దు లేకుండా పెరుగుతున్నాయి కనుక ఇది పరిబద్ధం కాదు. అయితే దీని విలోమ ఆపరేటర్ గుణకాలు 1, 1/4, 1/9... కావడంతో అది ఏ ప్రమేయం మానాన్నీ పెంచదు. అనగా పరిబద్ధం కాని ఆపరేటర్‌ను దాని విలోమం ద్వారా అదుపులోకి తెచ్చుకోవచ్చు.

జీటా ప్రమేయం

సున్న కాని ఐగెన్ విలువల విలోమాలను ఒక సంకీర్ణ ఘాతానికి హెచ్చించి కూడితే జీటా ప్రమేయం వస్తుంది. తీగ విషయంలో ఘాతం 1 అయినపుడు మొత్తం 1 + 1/4 + 1/9 + ... అవుతుంది, దీని విలువ "పై" వర్గంలో ఆరవ వంతు అని ఆయిలర్ 18వ శతాబ్దంలోనే కనుగొన్నాడు. తీగకు ఈ శ్రేణి రీమాన్ జీటా ప్రమేయమే, ఘాతం మాత్రం రెట్టింపు.

అంచులేని సంహత రీమాన్ మానిఫోల్డ్‌పై, ఘాతం యొక్క వాస్తవ భాగం మానిఫోల్డ్ పరిమాణంలో సగం కంటె ఎక్కువైనపుడే ఈ శ్రేణి అభిసరిస్తుంది. మీనాక్షిసుందరం, ప్లైయెల్ ఉష్ణ సమీకరణం సహాయంతో ఈ ప్రమేయాన్ని సంకీర్ణ తలమంతటికీ విస్తరింపజేసి, దానికి సరళ ధ్రువాలు తప్ప మరే దోషమూ లేదని నిరూపించారు. అసలు సారమంతా ఆ ధ్రువాలలోనే ఉంది. మొదటి ధ్రువం వద్ద లభించే సంఖ్య మానిఫోల్డ్ ఘనపరిమాణాన్ని తెలుపుతుంది. ఒక హద్దు లోపల ఎన్ని ఐగెన్ విలువలు ఉంటాయన్న అంచనా కూడా దీని నుండే వస్తుంది. తలంలోని డోలుకు ఈ అంచనాను హెర్మన్ వైల్ 1911లో ఇచ్చాడు: హద్దును డోలు వైశాల్యంతో గుణించి, "పై"కి నాలుగు రెట్లతో భాగిస్తే సుమారు సంఖ్య వస్తుంది.

చరిత్ర

మీనాక్షిసుందరం 1913లో త్రిచూరులో జన్మించి, మద్రాసులో చదువుకున్నాడు. 1946-48 మధ్య ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థలో ఉన్నపుడు ప్లైయెల్‌తో పరిచయం కలిగింది. కె. చంద్రశేఖరన్‌తో కలిసి వ్రాసిన టిపికల్ మీన్స్ గ్రంథం 1952లో వెలువడింది. 1958లో ఎడిన్‌బరోలో జరిగిన అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభలో ఆహ్వానిత ప్రసంగం చేశాడు. 1968లో మరణించాడు.

తరువాతి పరిణామాలు

స్టీఫెన్ హాకింగ్ 1977లో వక్రమైన దేశకాలంలో క్వాంటం లెక్కలకు ఇటువంటి జీటా ప్రమేయాలనే వాడాడు. వర్ణపటం నుండి ఆకారాన్ని పూర్తిగా తెలుసుకోగలమా అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం తేలలేదు. 16 పరిమాణాలలో వేర్వేరు ఆకారాలకు ఒకే వర్ణపటం ఉండవచ్చునని జాన్ మిల్నర్ 1964లో చూపాడు. మామూలు డోలు సంగతేమిటని మార్క్ కాట్స్ 1966లో అడిగిన ప్రశ్నకు 1992లో గోర్డన్, వెబ్, వోల్పర్ట్ సమాధానమిచ్చారు. వారు చూపిన రెండు బహుభుజి డోళ్ళ వైశాల్యం ఒకటే, స్వరాలన్నీ ఒకటే, ఆకారాలు మాత్రం వేరు.