జీవో 3 పోయాక ఏజెన్సీ బడికి టీచర్ ఎవరు?

ఉపాధ్యాయ శిక్షణలో వైవిధ్యం గురించి ఎక్కడ మాట్లాడినా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ఆడపిల్లలు బోలెడంత మంది చేరుతున్నారు కదా! నిజమే. కానీ ఏ ఆడపిల్లలు? ఏ కులం, ఏ తెగ, ఇంట్లో ఏ భాష? జెండర్ లెక్కను వీటి నుంచి విడదీస్తే అసలు ప్రశ్న కనబడకుండా పోతుంది. ఏజెన్సీ బడుల సంగతి చూస్తే ఇది అర్థమవుతుంది.

మైదాన ప్రాంతాల నుంచి వచ్చిన టీచర్లు ఏజెన్సీలో నిలవడం లేదని, బడికి సరిగా రావడం లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరిలో జీవో నెం. 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే, వాటిలో మూడో వంతు మహిళలకు. 1986లో ఇదే ఉద్దేశంతో ఇచ్చిన జీవో 275 ట్రిబ్యునల్‌లో నిలవలేదు.

నియామకాల జీవోకీ శిక్షణకీ సంబంధమేమిటి? చాలా ఉంది. ప్రాథమిక బడిలో టీచర్ కావాలంటే ఇప్పుడు ప్రధాన దారి డీఎడ్. బీఎడ్ చెల్లదని 2023లో సుప్రీంకోర్టు తేల్చేసింది. డీఎడ్ అంటే రెండేళ్లు. ఆ రెండేళ్లు కూతురి కూలి డబ్బులు వదులుకుని డైట్‌కు పంపే ఇంటికి, సొంత మండలంలో ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఉండాలి. జీవో 3 ఇచ్చింది ఆ నమ్మకమే.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని, అయిదో షెడ్యూల్ కింద గవర్నర్‌కున్న అధికారం అంతదూరం పోదని చెప్పింది. అప్పటికే చేరిన వారి ఉద్యోగాలను మాత్రం షరతులతో కాపాడింది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచననూ తప్పుపట్టింది. బయటివాళ్లే ఆ పోస్టులు నింపుకున్న కాలంలో దాన్ని ఎవరూ రిజర్వేషన్ అనలేదు మరి!

ప్రత్యేక చట్టం రాకపోతే ఇక మిగిలేది మామూలు రోస్టరే: ఆంధ్రలో ఎస్టీలకు 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. ఊరంతా ఆదివాసులే ఉన్నచోట కూడా ఇంతే.

అలాగని జీవో 3లో లోపం లేదని కాదు. అది తెగను అడిగింది, భాషను అడగలేదు. సవర పిల్లల బడికి సవర రాని గిరిజన టీచర్ వెళ్లే వీలు అందులోనూ ఉంది. 2004లో కోయ, గోండి, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. పుస్తకం కోయలో అచ్చయితే చాలదు, చెప్పేవారికి కోయ రావాలి.

కాబట్టి మన డిమాండు శిక్షణ దగ్గరే మొదలవ్వాలి. డైట్ ప్రవేశాల్లో ఇంటి భాషకు విలువ ఇవ్వాలి. ఏజెన్సీ పోస్టులకు స్థానిక భాషను అర్హతగా పెట్టాలి. కోయ నేర్చుకున్న ఎవరైనా దానికి అర్హులే కనుక, 50 శాతం పరిమితి వాదన దీనికి అడ్డు రాకూడదని నా అభిప్రాయం. ఇంకొకటి: ఛాత్రోపాధ్యాయులు నెలల తరబడి బడిలో పాఠాలు చెబుతారు. ఆ రోజులకు భృతి ఇస్తే, ముందుగా నిలిచేది దళిత, ఆదివాసీ ఇళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలే.