సన్‌సెట్ బులవార్డ్: తెర మీది తార, తెర వెనుక చరిత్ర

పాత హాలీవుడ్ చిత్రాన్ని సమీక్షించేవారు కథతో పాటు అందులోని నటీనటుల పూర్వచరిత్ర కూడా ఎందుకు తెలుసుకోవాలో, బిల్లీ వైల్డర్ 1950లో తీసిన ‘సన్‌సెట్ బులవార్డ్’ స్పష్టంగా చూపుతుంది. మూకీల కాలంలో, అంటే చిత్రాలకు మాటలు రాని రోజుల్లో వెలిగి, టాకీలు వచ్చాక మరుగునపడిన నార్మా డెస్మండ్ పాత్రను ఇందులో పోషించిన గ్లోరియా స్వాన్సన్ స్వయంగా మూకీ యుగపు అగ్రతార.

నార్మా తన భవంతిలో తన పాత చిత్రాన్ని వేయించుకుని చూసే ఘట్టం నిదానంగా గమనించదగినది. అక్కడ తెరపై కదిలేది స్వాన్సన్ నిజంగానే నటించిన ‘క్వీన్ కెలీ’. ఆ చిత్రానికి దర్శకత్వం వహిస్తూ మధ్యలోనే దూరం కావలసి వచ్చిన ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ ఇక్కడ ఆమె సేవకుడు మాక్స్‌గా కనిపిస్తారు. నార్మా ఆవేశంతో లేచి ప్రొజెక్టర్ కాంతిలో నిలబడినప్పుడు, ఆ వెలుగు ఆమె ముఖాన్ని చీకటి నుంచి విడదీస్తుంది.

పెద్దవి చేసిన కళ్లూ, వంకర్లు తిరిగే వేళ్లూ కొందరికి అతినటనగా తోచవచ్చు గాని, మాటల సాయం లేని నటనాపద్ధతిని వదులుకోలేని పాత్రకు అదే సహజం. ఈ చిత్రం 11 ఆస్కార్ నామినేషన్లు పొంది 3 గెలుచుకుంది. ఉత్తమ నటి పురస్కారం మాత్రం స్వాన్సన్‌కు కాక జూడీ హాలిడేకు దక్కింది.