ఆట ఒకరిది, నిద్ర అందరిది

పిల్లలు ఆటలు కూడా ఆడుకునేలా ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నారా? ధర చూస్తాం, స్క్రీన్ చూస్తాం గాని, అది ఎంత చప్పుడు చేస్తుందో అడగం. తాతయ్య నిద్రపోయే గదిలోనే మనవడు ఆడే ఇళ్లలో ముందు అడగవలసింది అదే.

ఆట నడుస్తుంటే లోపలి చిప్‌లు వేడెక్కుతాయి. ఆ వేడిని బయటికి నెట్టడానికి ఫ్యాన్ జోరుగా తిరుగుతుంది. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌ల చప్పుడు అప్పుడు 45 డెసిబెల్స్ దాటుతుంది. పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది.

ఇంకో చిక్కు ఉంది. ఫ్యాన్ హోరు వినబడకుండా పిల్లలు హెడ్‌ఫోన్ సౌండ్ పెంచేస్తారు. పిల్లలకు 75 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలే హద్దు. లోచెవిలో దెబ్బతిన్న కణాలు మళ్లీ పుట్టవు.

అందుకని ఇవి గుర్తుంచుకోండి:

• చదరంగం, పజిల్స్ వంటి చిన్న ఆటలకు విడిగా గ్రాఫిక్స్ చిప్ అక్కర్లేదు. 2020లో వచ్చిన ఎం1 మాక్‌బుక్ ఎయిర్ వంటి వాటిలో అసలు ఫ్యానే లేదు.

• పెద్ద ఆటలకైతే మరీ పలుచని మోడల్ వద్దు. షాపులో పావుగంట ఆట నడిపించి, చెవి పెట్టి వినండి.

• ఇంట్లో సైలెంట్ మోడ్ పెట్టి, ఆటను సెకనుకు 60 ఫ్రేములకు పరిమితం చేయండి. వేడి, హోరు రెండూ తగ్గుతాయి.

• పరుపు మీద, ఒడిలో పెట్టవద్దు. గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. రోజూ గంటల తరబడి ఒడిలో పెట్టుకుని ఆడిన 12 ఏళ్ల బాలుడి తొడపై మచ్చలు పడినట్లు 2010లో స్విట్జర్లాండ్ వైద్యులు తెలిపారు.

ఆట ఆపాక కూడా చెవిలో గుయ్‌మంటుందని మీ పిల్లలు చెబితే, ఆలస్యం చేయకుండా చెవి డాక్టరుకు చూపించండి.