కొండకల్‌కు ఓటు లేని ఎన్నిక

2025 డిసెంబరులో తెలంగాణ పల్లెలు మూడు విడతల్లో సర్పంచుల్ని ఎన్నుకున్నాయి. అంతకుముందు నెలల తరబడి రంగారెడ్డి జిల్లాలో కొండకల్, మోకిల నుంచి చిలుకూరు, చేవెళ్ల దాకా ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా ఒకటే ముచ్చట: "మన ఊరు ఏ రిజర్వేషన్‌కు వస్తది?" స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం ఇస్తూ శాసనసభ ఆ ఏడాది మార్చి 17న బిల్లు ఆమోదించింది. గవర్నర్ దాన్ని రాష్ట్రపతికి పంపారు. బిల్లు అక్కడే ఆగిపోయింది. ఆగస్టు 6న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి మంత్రుల్నీ ఎమ్మెల్యేల్నీ వెంటబెట్టుకుని ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. అదే కోటా అమలుకు సెప్టెంబరు 26న రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవోను అక్టోబరు 9న హైకోర్టు నిలిపేసింది. చివరికి 50 శాతం రిజర్వేషన్ల పరిమితికి లోబడే పోలింగ్ జరిగింది. ఈసారి తమ వంతు వస్తుందని కులపెద్దల దగ్గర మాట తీసుకుని, ఖర్చుకు అప్పులు సిద్ధం చేసుకున్న ఎంతోమంది బీసీ యువకులకు మిగిలింది ఎదురుచూపే.

రాష్ట్రపతి అంటే జనవరి 26న టీవీలో కనిపించే పెద్దమనిషి అనుకునే ఊళ్లకు రాష్ట్రపతి సంతకం విలువ అప్పుడు తెలిసొచ్చింది. అయితే ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ రెండు ప్రశ్నల దగ్గరే తిరుగుతుంది. ఎవరి మనిషి? మనోడేనా? ఫైలు బల్ల మీదికొస్తే ఏం చేస్తాడన్న మూడో ప్రశ్న రాదు. 2027 జూలైలో మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక ఉంది. ఆ మూడో ప్రశ్న అడగడానికి ఇదే సమయమని ఈ కథనం వాదన.

132లో మన వాటా

కొండకల్ శంకర్‌పల్లి మండలంలో ఉంది. చేవెళ్ల అసెంబ్లీ, చేవెళ్ల పార్లమెంటు నియోజకవర్గాల ఊరు. ఒకప్పుడు కూరగాయలు, జొన్న, పత్తి పండిన నేలల పక్కనే ఇప్పుడు మేధా రైలు కోచ్ ఫ్యాక్టరీ ఉంది. 2023 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దాన్ని ప్రారంభించారు. కోకాపేట వైపు నుంచి నగరం ఇటు పాక్కుంటూ వచ్చింది. ఎకరం ధర గజాల్లోకి మారింది. విల్లాలు లేచాయి, బిహార్ నుంచీ ఒడిశా నుంచీ కూలీలు వచ్చారు. యాభై ఏళ్ల కిందటి ఊరికీ ఇప్పటి ఊరికీ పోలికే లేదు.

రాష్ట్రపతి ఎన్నిక లెక్క మాత్రం ఆ యాభై ఏళ్ల కిందే ఆగింది. ఎమ్మెల్యే ఓటు విలువను రాష్ట్ర జనాభాను బట్టి కడతారు. ఆ జనాభా 1971 నాటిది. అప్పట్లో ఇప్పటి తెలంగాణ ప్రాంత జనాభా 1,57,02,122. దాన్ని 119 మంది ఎమ్మెల్యేలకు పంచి, వెయ్యితో భాగిస్తే వచ్చేది 132. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేకు 159, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు అచ్చయ్యేదాకా ఇదే కొనసాగుతుంది. 1971 తర్వాత పుట్టినవారెవరూ ఆ 132లో లేరు. కొండకల్‌లో ఈరోజు బడికి పోయే పిల్లలు లేరు, వాళ్ల తల్లిదండ్రుల్లోనూ చాలామంది లేరు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు అన్యాయం జరగకూడదని పెట్టిన నిబంధన అది. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుబట్టను. కానీ రాష్ట్రపతిని "ప్రజల తరఫున" ఎన్నుకుంటున్నామని చెప్పే ప్రతినిధి, తన చేతిలోని ఓటు ఎంత పాత లెక్కతో వచ్చిందో తెలుసుకోవాలి.

ఓటు వేసే తీరు కూడా తెలుసుకోవలసిందే. ఎంపీలకు ఆకుపచ్చ బ్యాలెట్, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు బ్యాలెట్. సొంత పెన్ను లోపలికి తీసుకుపోనివ్వరు. ఎన్నికల సంఘం ఇచ్చే ఊదా రంగు ఇంకు పెన్నుతో అభ్యర్థి పేరు ఎదుట 1, 2 అని అంకె వేయాలి. బ్యాలెట్ రహస్యం. పార్టీ విప్ జారీ చేయకూడదు. సభలో చెయ్యెత్తమంటే ఎత్తే మనిషి ఓటేసే తెర చాటున మాత్రం ఒంటరి. పార్టీ అధ్యక్షుడికి జవాబు చెప్పక్కర్లేదు. మరి ఓటేసి పంపిన ఊరికి చెప్పాలా వద్దా?

పెద్దమంగళారం నుంచి చూస్తే 1969

ఈ నేలకు ఈ ప్రశ్న కొత్త కాదు. మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారం కొండా వెంకట రంగారెడ్డి పుట్టిన ఊరు. జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ వైపు నుంచి ఆయనా సంతకం పెట్టారు. ఆంధ్ర వైపు సంతకాల్లో నీలం సంజీవరెడ్డిది ఒకటి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతం వారు కావాలన్నది అందులో ఒక షరతు. ఆ నవంబరు 1న సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఉపముఖ్యమంత్రిని పెట్టలేదు. ఆ పదవి ఆరో వేలు లాంటిదని ఆయన అన్నట్టు తెలంగాణ పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటారు. రంగారెడ్డికి ఆ పదవి 1960లో దామోదరం సంజీవయ్య వచ్చాకే దక్కింది.

ఇప్పుడు 1969కి రండి. హైదరాబాద్‌లో పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మే 3న కన్నుమూశారు. కాంగ్రెస్ పెద్దలు సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలబెట్టారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి స్వతంత్రంగా దిగారు. బరంపురంలో పుట్టిన ఆయనా తెలుగువారే. జూలై 19న తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మర్నాడే రాజీనామా చేసి గిరి బరిలోకి వచ్చారు. ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. ఇద్దరు తెలుగువాళ్లు ఎదురెదురుగా నిలబడ్డ ఆ ఎన్నికలో "మనోడేనా" అన్న ప్రశ్నకు అర్థమే లేకుండా పోయింది.

తెలంగాణలో అది తుపాకీ మోగిన ఏడాది. ప్రత్యేక రాష్ట్రం కోసం వీధుల్లోకి వచ్చిన విద్యార్థులు నేలకొరుగుతున్నారు. రంగారెడ్డి మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి ఉద్యమానికి నాయకత్వం వహిస్తున్నారు. అనంతపురం జిల్లా రైతుకు సంజీవరెడ్డి అభ్యర్థిత్వం గర్వం. పెద్దమంగళారం మనిషికి అదే పేరు 1956 ఒప్పందాన్ని గుర్తుచేసే పేరు. ఒకే భాష, ఒకే రాష్ట్రం, ఒకే అభ్యర్థి, రెండు అభిప్రాయాలు. ఆ రెంటిలో ఏదీ బ్యాలెట్‌లో లేదు. ఓట్లు ఆగస్టు 16న పడ్డాయి, లెక్క 20న తేలింది. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ కోటా అందలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. రెండో ప్రాధాన్యం దాకా పోయిన రాష్ట్రపతి ఎన్నిక మన దేశంలో అదొక్కటే.

ఆ తర్వాత కాంగ్రెస్ చీలింది. పేదల ప్రభుత్వం వస్తుందన్న ఆశ లేచింది. అది ఎంత నెరవేరిందన్నది మరో కథ.

ఎనిమిదేళ్లకు సంజీవరెడ్డి తిరిగొచ్చారు. 1977 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, జనతా పార్టీ తరఫున నంద్యాలలో గెలిచింది ఆయనొక్కరే. ఆ జూలైలో రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరించారు. పోటీ లేకుండా ఆయన రాష్ట్రపతి అయ్యారు. అందరూ ఒప్పుకున్న అభ్యర్థి. తెలుగునాడంతా సంబరపడింది. రెండేళ్లు తిరిగాక, 1979 ఆగస్టులో ప్రధాని చరణ్‌సింగ్ రాజీనామా చేసినప్పుడు, జగ్జీవన్‌రామ్‌కు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం ఇవ్వకుండా సంజీవరెడ్డి లోక్‌సభ రద్దు మీద సంతకం పెట్టారు. దేశానికి దళిత ప్రధాని వచ్చే దారి ఆ రోజు మూసుకుపోయింది. ఆ నిర్ణయం మీద రాజ్యాంగ పండితులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. 1977లో ఆయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్న రోజున, ఇలాంటి ఘడియ వస్తే ఏం చేస్తారని అడిగి ఉంటే? మనోడన్న సంతోషంలో అడగాలన్న ఆలోచనే మనకు రాలేదు.

రాష్ట్రపతి మంత్రివర్గం చెప్పినట్టే నడవాలి, నిజమే. అయినా ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని బట్టి దేశం మారిన రోజులు ఉన్నాయి. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ పత్రం మీద సంతకం పెట్టేశారు. జైల్‌సింగ్ తపాలా బిల్లును సంతకం చేయకుండా అట్టిపెట్టారు. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమన్న సిఫారసును 1997లో కె.ఆర్. నారాయణన్ తిప్పి పంపారు. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం వెనక్కి పంపారు. ఒకే రాజ్యాంగం కింద, ఒకే కుర్చీలో నలుగురు నాలుగు రకాలుగా నడిచారు.

ఆకుల మైలారం అభ్యర్థి

ఇటీవలి కాలానికి వద్దాం. 2017 ఏప్రిల్‌లో తెలంగాణ శాసనసభ ఎస్టీ రిజర్వేషన్‌ను 10 శాతానికి, ముస్లిం వెనుకబడిన వర్గాలకు 12 శాతానికి పెంచుతూ బిల్లు చేసి ఢిల్లీకి పంపింది. మూడు నెలలకు రాష్ట్రపతి ఎన్నిక. టీఆర్‌ఎస్ రామ్‌నాథ్ కోవింద్‌కు మద్దతిచ్చింది. తండాలు ఎదురుచూస్తున్న బిల్లుకూ ఆ ఓట్లకూ ముడిపెట్టి గట్టిగా అడిగినవారు లేరు. ఎస్టీలకు ఆ 10 శాతం చివరికి 2022 సెప్టెంబరు 30న రాష్ట్రం సొంతంగా ఇచ్చిన జీవో ద్వారా వచ్చింది.

అదే 2022లో ద్రౌపది ముర్ము, యశ్వంత్ సిన్హా పోటీపడ్డారు. జూలై 2న సిన్హాకు కేసీఆర్ బేగంపేట నుంచి ర్యాలీతో స్వాగతం పలికారు. బీజేపీ జాతీయ కార్యవర్గ సమావేశాల కోసం ప్రధాని మోదీ దిగింది కూడా ఆ రోజే, ఆ నగరంలోనే. హైదరాబాద్ నిండా రెండు పార్టీల ఫ్లెక్సీలు. ఒక ఆదివాసీ మహిళ తొలిసారి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లడం తండాల్లోని ఆడపిల్లకు చిన్న విషయం కాదు. ఆ ఆనందం నిజమైంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. అయితే ఇద్దరు అభ్యర్థుల్లో ఏ ఒక్కరినీ రాష్ట్రాల బిల్లుల గురించి మన నాయకులు నిలదీయలేదు. ఫలితం: ముర్ముకు 6,76,803, సిన్హాకు 3,80,177.

2025 మన గుమ్మంలోకే వచ్చింది. ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాలు నిలబెట్టిన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి పుట్టింది కందుకూరు మండలం ఆకుల మైలారంలో. అది మహేశ్వరం అసెంబ్లీ పరిధి, అంటే కొండకల్ ఉన్న చేవెళ్ల పార్లమెంటు నియోజకవర్గమే. రైతు బిడ్డ, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి, 2011లో సల్వాజుడుం చెల్లదని తీర్పు చెప్పిన ధర్మాసనంలో సభ్యుడు. తెలంగాణ కులగణన లెక్కల్ని పరిశీలించిన నిపుణుల బృందానికి అధ్యక్షుడు కూడా ఆయనే. మన పల్లెల్లో ఏ కులం ఎంత వెనుకబడిందో తెలిసిన మనిషి.

ఇక్కడ మళ్లీ "మనోడు" అన్న మాటే ముందుకొచ్చింది. తెలుగు ఎంపీలంతా ఏకం కావాలని రేవంత్‌రెడ్డి పిలుపునిచ్చారు. తెలుగుదేశం, వైసీపీ ఎన్డీయే అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్ వైపు నిలిచాయి. రైతులకు యూరియా దొరకడం లేదన్న నిరసనతో బీఆర్‌ఎస్ తన నలుగురు రాజ్యసభ సభ్యుల్ని ఓటింగుకు దూరంగా ఉంచింది. యూరియా కోసం పాస్‌బుక్కులు, చెప్పులు వరుసలో పెట్టి తెల్లవారుజామున నిలబడ్డ రైతుల కష్టం అబద్ధం కాదు. కానీ ఓటు మానేస్తే ఏ సొసైటీకి ఒక్క బస్తా అదనంగా వచ్చిందో ఎవరూ చెప్పలేదు. సెప్టెంబరు 9న రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్‌రెడ్డికి 300. ఇంకో అంకె నన్ను ఎక్కువ బాధపెట్టింది: చెల్లని ఓట్లు 15. దేశానికి చట్టాలు చేసే 15 మంది ఒక్క అంకె సరిగా వేయలేకపోయారో, వేయదలుచుకోలేదో!

ఇక చేవెళ్ల ఓటరు తన అభిప్రాయాన్ని ఎవరి చేతిలో పెట్టాడో చూడండి. కొండా విశ్వేశ్వర్‌రెడ్డి 2014లో టీఆర్‌ఎస్ ఎంపీ, 2019లో కాంగ్రెస్ అభ్యర్థి, 2024లో బీజేపీ ఎంపీ. ఆయన్ని 2019లో ఓడించిన రంజిత్‌రెడ్డి టీఆర్‌ఎస్‌లో గెలిచి, 2024లో కాంగ్రెస్ తరఫున ఓడారు. ఎమ్మెల్యే కాలె యాదయ్య 2023లో బీఆర్‌ఎస్ టికెట్ మీద 268 ఓట్ల తేడాతో గెలిచి, 2024 జూన్‌లో ఢిల్లీలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. 268 అంటే ఒక ఊళ్లోని రెండు వాడల ఓట్లు. జనం మార్పు కోసం ఓటేస్తున్నారు, మారుతున్నది మాత్రం కండువా. "ఎవరికేస్తే ఏముంది" అన్న మాట ఈ ప్రాంతంలో ఇంత తేలిగ్గా నోటికొస్తోందంటే తప్పు ఓటరుది కాదు.

ముర్ము పదవీకాలం 2027 జూలై 24తో ముగుస్తుంది. అప్పటికీ ఇదే శాసనసభ ఉంటుంది, ఇదే లోక్‌సభ ఉంటుంది. ముందే రద్దయితే తప్ప ఓటేసేది వీళ్లే. రాష్ట్రాల బిల్లుల మీద నిర్ణయానికి రాష్ట్రపతికైనా గవర్నర్‌కైనా గడువు పెట్టలేమని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. కోర్టు గడువు పెట్టనప్పుడు అడగవలసింది అభ్యర్థినే, ఎన్నికకు ముందే: శాసనసభ చేసిన బిల్లు మీ దగ్గరికి వస్తే, ఒప్పుకుంటారో వెనక్కి పంపుతారో ఎన్నాళ్లలో తేలుస్తారు?

కొండకల్ నుంచి ఆ ప్రశ్న అభ్యర్థిదాకా చేరే దారి ఇద్దరి మీదుగా పోతుంది, ఎమ్మెల్యే, ఎంపీ. బ్యాలెట్ చూపించడానికి నిబంధనలు ఒప్పుకోవు, కానీ ఎవరికి ఎందుకు వేస్తున్నామో ముందుగా చెప్పడం తప్పు కాదు. ఇప్పుడు గెలిచిన సర్పంచులకు గ్రామసభ పెట్టే అధికారం ఉంది: సభ పెట్టి, బీసీ బిల్లు మీద తీర్మానం రాసి, ఎమ్మెల్యేనూ ఎంపీనీ పిలిచి, జనం ముందు జవాబు చెప్పమనాలి. పెద్దమంగళారంలో అడగాలి, ఆకుల మైలారంలో అడగాలి, కొండకల్‌లో అడగాలి. నామినేషన్లు 2027 జూన్‌లో మొదలవుతాయి కాబట్టి తీర్మానాలు ఆ ఎండాకాలం లోపే పూర్తి కావాలి.