పాత క్యాంపర్ ట్రెయిలర్‌లోకి నీరు ఎలా వస్తుంది?

అమెరికాలో కారు వెనుక తగిలించుకొని వెళ్లే చక్రాల ఇంటిని క్యాంపర్ ట్రెయిలర్ అంటారు. అక్కడ స్థిరపడిన ఒక తెలుగు సహోదరుడు ఇలా అడిగారు: "తక్కువ ధరకు వచ్చిందని ముప్పై ఏళ్ల నాటి ట్రెయిలర్ కొన్నాను. వర్షానికి కారుతోంది. పైన ఏదైనా పూసేస్తే సరిపోతుందా?" సరిపోదు. ఎందుకు సరిపోదో ఆలోచిద్దాం.

అలాంటి పాత ట్రెయిలర్లలో చాలావాటికి గోడల్లో సన్నని చెక్క చట్రం ఉంటుంది. దానికి బయట అల్యూమినియం రేకు, లోపల పలుచని ప్లైవుడ్. కప్పు, గోడ కలిసే అంచున ఒక పట్టీ పెట్టి స్క్రూలు బిగిస్తారు. ఆ పట్టీ కింద బ్యూటైల్ టేప్ అనే బంక ఉంటుంది. అసలు నీటిని ఆపేది రేకు కాదు, ఆ బంకే! ఎండకు, చలికి, రోడ్డు కుదుపులకు అది ఎండి పగులుతుంది. అప్పుడు నీరు స్క్రూ రంధ్రం వెంట చెక్కలోకి దిగుతుంది. గమనించండి, లోపల మరక కనిపించే సమయానికి చెక్క ఎప్పుడో నానిపోయి ఉంటుంది. మరక ఉన్నచోటే రంధ్రం ఉంటుందనుకోవద్దు. నీరు చట్రం వెంట పాకి, ఎక్కడో దూరాన బయటపడుతుంది.

కాబట్టి మూలలనూ, కిటికీల కింది గోడనూ ముందు చేత్తో నొక్కి చూడండి. మెత్తగా లొంగితే లోపల చెక్క కుళ్లినట్టే. కుళ్లిన చెక్కలో స్క్రూ పట్టదు. స్క్రూ పట్టనప్పుడు ఎంత ఖరీదైన సీలెంట్ అయినా ఏం చేస్తుంది? చెక్క మార్చి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే సీలు వేయాలి. తడిని లోపలే ఉంచి మూసేస్తే బూజు పెరుగుతుంది. మీ పిల్లలు పడుకునేది ఆ గాలిలోనే కదా!

పట్టీ మీది వినైల్ తొడుగు లాగేస్తే స్క్రూలు కనిపిస్తాయి. పట్టీ విప్పి, పాత బంకను ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో పూర్తిగా తీసి, శుభ్రంగా తుడిచి, కొత్త బ్యూటైల్ టేప్ వేసి బిగించండి. అంచుల వెంట బంక కాస్త బయటికి ఉబికితే బాగా పట్టినట్టు. కొన్ని రోజుల తర్వాత మరోసారి బిగించి, మిగిలింది కోసేయండి. చాలామంది ఇక్కడ సిలికాన్ పూస్తారు. నాకైతే అది సుతరామూ నచ్చదు. పాత సిలికాన్ మీద మరేదీ సరిగా అంటుకోదు, కొత్త సిలికాన్ కూడా అంతే. పూసి ఉంటే పూర్తిగా గీకేయాల్సిందే.

కప్పు మీద గాలి కిటికీల చుట్టూ, గొట్టాల చుట్టూ తనంతట తానే పరచుకునే ల్యాప్ సీలెంట్ వాడాలి. గోడకు అది వాడితే కిందికి జారిపోతుంది, దానికి జారని రకం వేరే ఉంది. కప్పు ఇ.పి.డి.ఎమ్. రబ్బరుదైతే మరింత జాగ్రత్త. మన ఊళ్లో కారే కప్పుకు తారు పూసే అలవాటు ఉంది కదా, అక్కడ అది పనికిరాదు. తారు, పెట్రోలు, కిరోసిన్ ఆ రబ్బరును పాడుచేస్తాయి. పొడి రోజున, 10 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడి ఉన్నప్పుడు పని పెట్టుకోండి. పైకి ఎక్కితే ప్లైవుడ్ పలక పరచి దాని మీద మోకరించండి, లేకపోతే పాత కప్పు కుంగిపోవచ్చు.

సీలెంట్ గట్టిపడ్డాక హోసు పైపుతో నీళ్లు పట్టి చూడండి. కింది నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క అతుకు దగ్గర కొంతసేపు ఆగుతూ పైకి వెళ్లండి. పై నుండి మొదలుపెడితే ఏ అతుకు కారుతోందో తెలియదు. ఒకరు లోపల టార్చిలైటు పట్టుకొని కూర్చోవాలి. ఆ తర్వాత ఏటా రెండుసార్లు, ముఖ్యంగా చలికాలానికి ముందు, అతుకులన్నీ చూసుకోండి.