ఉక్రెయిన్ జానపద కథలలోని వీరుడు - విద్యాప్రయోజనము

కథలోని వీరుడు బాలునకు ఏమి నేర్పును? ధైర్యమును నేర్పునని సాధారణముగా చెప్పుదురు. ఉక్రెయిన్ దేశపు అద్భుత కథలను పరిశీలించినచో ఈ సమాధానము చాలదని తోచును. ఆ కథలలో బలము వీరునకు సహజముగనే కలదు. దానిని ఎవరి కొఱకు, ఎంత జాగరూకతతో వినియోగింపవలెనను వివేకమే కథ బోధించు విషయము.

ఈ కథలు పెక్కు 19వ శతాబ్దిలో గ్రంథస్థములైనవి. పాంతెలేయ్‌మోన్ కులీష్ 1856-57లలో ప్రకటించిన సంపుటములు, ఇవాన్ రుద్చెంకో 1869-70లలో వెలువరించిన కథాసంకలనము, మిఖాయిలో ద్రహొమానొవ్ 1876 నాటి సంకలనము వీనిలో ముఖ్యములు.

కులీష్ సంపుటములలోని కిరీలో కొజుమ్యాక కథ ఇందుకు మంచి నిదర్శనము. కొజుమ్యాక యనగా తోళ్లు పదును చేయువాడు. కీవ్ నగర ప్రజలు ఒక సర్పరాక్షసునకు తమ బిడ్డలను కప్పముగా అర్పించుచుండిరి. తుదకు రాజపుత్రిక వంతు వచ్చెను. తన్ను గెలువగలవాడు కిరీలో ఒక్కడే యన్న రహస్యమును ఆమె రాక్షసుని నోటనే రాబట్టి, పావురము ద్వారా తండ్రికి లేఖ పంపెను. రాజు మొదట వృద్ధులను పంపెను. అప్పుడు కిరీలో పండ్రెండు తోళ్లను ఒక్కసారిగా పదును చేయుచుండెను. వారి రాకకు ఉలికిపడుటతో తోళ్లన్నియు చినిగిపోయెను. చేతిలోని పని చెడినదన్న కోపముతో అతడు వారి మాట వినడాయెను. పిదప యువకులు వచ్చి వేడినను కదలలేదు. చిన్నపిల్లలు వచ్చి మోకరిల్లి యేడ్చినప్పుడు మాత్రము తానును కంట తడిపెట్టి పోరునకు అంగీకరించెను.

ఈ ఘట్టమున రాజాజ్ఞయు, పెద్దల ప్రార్థనయు సాధింపలేని కార్యమును పిల్లలు సాధించిరి. కథను వినుచున్న బాలుడు తన యీడువారిని కథలోనే చూచుచున్నాడు. పరుల దుఃఖమునకు కరగుట బలవంతునకు లోపము కాదని అతడు ఉపదేశము లేకయే గ్రహించును.

పోరునకు ముందు కిరీలో దేహమునకు నార చుట్టి తారు పూసికొనెను. రాక్షసుడు కఱచినప్పుడెల్ల వాని నోటికి నారయు తారును మాత్రమే దక్కెను. బఠాణీగింజ వలన జన్మించిన కొతిహొరోష్కో అను మఱియొక వీరుడు తన యినుపగదను ఆకాశమునకు విసరి, అది క్రిందికి వచ్చునపుడు దాని గట్టిదనమును తన శరీరముపైననే పరీక్షించును. మొదటి గద పగులగా మరల చేయించును. సాధనమును పరీక్షింపక సాహసింపరాదన్న నీతి ఇందు గర్భితమై యున్నది.

కిరీలో కథ విజయముతో ముగియదు. అతడు రాక్షసుని దహించి బూడిదను గాలిలో కలిపెను. దాని నుండియే దోమలు, ఈగలు పుట్టెనట. ఆ బూడిదను భూమిలో పాతిపెట్టియుండిన ఈ పీడ కలుగకపోవునని కథకుడు చమత్కరించును. వీరుని పొరపాటును కూడ దాచక చెప్పుట ఈ కథకు వన్నె తెచ్చినది.

ఉక్రెయిన్ కథాసాహిత్యమునకు భారతదేశముతోను సంబంధము కలదు. ఇవాన్ ఫ్రాంకో 1899లో ప్రకటించిన జంతుకథలలో రంగుతొట్టిలో పడి మృగరాజై, తన జాతి కూతకు మాఱుకూత కూసి బయటపడిన నక్క కథ యొకటి. పంచతంత్రములోని నీలిభాండమున పడిన నక్క ఇచ్చట స్పష్టముగ కనబడును. వీరునకు ఎదురుగా నిలుచు ఇట్టి కపటనాయకుడును బాలునకు గురువే.

పావ్లిష్ గ్రామ పాఠశాలకు 1948 నుండి 1970 వఱకు ప్రధానోపాధ్యాయుడుగా నుండిన వసీల్ సుహొమ్లీన్‌స్కీ ఈ శక్తిని గుర్తించి, కథల కొఱకే ఒక గదిని ఏర్పఱచి, పిల్లలచే స్వయముగ కథలల్లించెను. మంచిచెడ్డల యెడ బాలుని హృదయము మొదట స్పందించునది కథలోనే యని ఆయన విశ్వాసము.

కావున ఇట్టి కథలను భారతీయ భాషలలోనికి తెచ్చువారు ఒక విషయమును గమనింపవలెను. కథను కుదించు తలంపుతో పిల్లల కన్నీటిని, చినిగిన తోళ్లను, గాలికి పోయిన బూడిదను విడిచినచో మిగులునది కేవలము ఒక పోరాటము. అది బాలునకు వినోదమును కలిగింపవచ్చును. వివేకమును మాత్రము ఈయజాలదు.