నీళ్లలో భయం కలిపి అమ్ముతున్నారు!

వాటర్ ప్యూరిఫయర్ల ప్రకటనలు ఎప్పుడైనా నిదానంగా చూశారా? మెరిసిపోయే వంటిల్లు. గోడకి తెల్లటి పెట్టె. స్కూలు నుంచి వచ్చిన బాబుకి అమ్మ గ్లాసు అందిస్తుంది. వాడు గటగటా తాగేస్తాడు. ఆమె ముఖంలో కొండంత నిశ్చింత! ఇంట్లో నాన్న ఉన్నా, తాతగారు ఉన్నా గ్లాసు అందించేది మాత్రం అమ్మే. ఆ యంత్రం నీళ్లలోంచి దేన్ని తీసేస్తోంది, దేన్ని తీయలేదు, ఎన్ని నీళ్లు పారబోస్తోంది... ఒక్క ముక్కయినా చెబుతారా? చెప్పరు. నీ పిల్లలకి నువ్విచ్చే నీళ్లు మంచివేనా అన్న అనుమానం మన మనసులో పడేసి చక్కా వెళ్లిపోతారు.

నిజానికి ఆ అనుమానం నీళ్ల మీద కాదు, మన మీద. పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే 'ఏం తాగించావు?' అని ఇంట్లో అందరూ ఎవరిని అడుగుతారో ప్రకటనలు తీసేవాళ్లకి బాగా తెలుసు. అందుకే వాళ్లు చూపించేది జబ్బు భయం కాదు... నింద భయం. దాన్నే వేలకి వేలు ధర కట్టి మనకి అమ్ముతున్నారు.

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. గుంటూరులో మా అపార్ట్‌మెంట్‌కి ఓ రోజు టై కట్టుకున్న కుర్రాడొకడు నీటి యంత్రం అమ్మడానికి వచ్చినప్పుడు, ఈ వ్యాపారం ఎలా సాగుతుందో నా కళ్లతో చూశాను.

నల్లబడిన గ్లాసు

కింద పోర్షన్‌లో ఉండే అమ్మాయి 'పిన్నిగారూ, ఒక్కసారి రండి' అని పిలిస్తే వెళ్లాను. బల్ల మీద రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో అతను తెచ్చిన 'ప్యూర్' నీళ్లు. రెండింటిలోనూ లోహపు కడ్డీలున్న ఓ చిన్న పరికరం ముంచి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు. రెండు నిమిషాలు గడిచేసరికి కుళాయి నీళ్లు ఆకుపచ్చగా తిరిగి, గోధుమరంగు వచ్చి, చివరికి మురిక్కాలువలా తయారయ్యాయి. రెండో గ్లాసు మాత్రం దాదాపు తెల్లగానే ఉంది.

'చూశారా మేడమ్, మీ పాప రోజూ తాగేది ఈ బురదే' అన్నాడు.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. యంత్రం ఖరీదు పద్దెనిమిదిన్నర వేలు. పాప స్కూలు ఫీజు కోసం చీటీ పాడి దాచిన డబ్బు బీరువాలో ఉంది. తాళంచెవి కోసం చెయ్యి బొడ్లోకి వెళ్లింది కూడా!

నేను వంటింట్లోకి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చాను. అతని శుద్ధమైన నీళ్లలో వేసి కలిపి, 'ఇప్పుడు స్విచ్ వెయ్యి నాయనా' అన్నాను. వెయ్యక తప్పలేదు. రెండు నిమిషాల్లో ఆ గ్లాసూ బురదే!

ఇందులో మాయేమీ లేదు. ఆ కడ్డీల్లో ఇనుము ఉంటుంది. ఖనిజ లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది. పారినకొద్దీ ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. మనకి కనిపించే మురికి నీళ్లలోది కాదు, కడ్డీలది. ఆర్వో నీళ్లలో లవణాలు బాగా తక్కువ గనుక కరెంటు పారదు, రంగు మారదు. అంతే. మినరల్ వాటర్ బాటిల్ కొని అందులో ముంచినా రంగు మారుతుంది. ఇంటర్ పిల్లలకి మేం చెప్పే ఎలక్ట్రాలిసిస్ పాఠం ఇదే.

పాపం, ఆ కుర్రాణ్ణి ఏమనాలి? 'ట్రైనింగ్‌లో ఇలాగే చెయ్యమన్నారు మేడమ్, నెలకి టార్గెట్ ఉంటుంది' అని తల వంచుకున్నాడు. ఆ ప్రయోగం నేర్పి పంపినవాళ్లకి మాత్రం అది ఏ పాఠమో తెలీదంటే నేను నమ్మను.

అతను వెళ్లాక ఆ అమ్మాయి అన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. 'మీరు చెప్పింది నిజమే పిన్నిగారూ. కానీ రేపు పాపకి ఏ జ్వరమో వస్తే, ఎదురింటావిడ మాట విని మెషీన్ కొనలేదని మా అత్తగారు నన్నే అంటారు. కొనేస్తే ఆ మాట పడక్కర్లేదు కదా!'

చూశారా? యంత్రం అక్కర్లేదని తెలిశాక కూడా భయం పోలేదు. ఎందుకంటే ఆ భయం నీళ్లలో లేదు.

ఆ అంకె ఏం చెబుతుంది?

ఇలాంటి అమ్మకాల్లో రెండో అస్త్రం టీడీఎస్ మీటరు. నీళ్లలో కరిగి ఉన్న పదార్థాలు, అందులో ముఖ్యంగా లవణాలు, లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములున్నాయో అది సుమారుగా చెబుతుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 500. వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా సరిపెట్టుకోవచ్చంటుంది. మా కుళాయి నీళ్లు కొలిస్తే 230 వచ్చింది. పెరట్లో బోరు నీళ్లు 1,240.

టీడీఎస్ అంటే మురికి కాదు. కాల్షియం, మెగ్నీషియం లాంటి మనకి కావలసినవీ అందులో ఉంటాయి. మంచినీళ్లలో చిటికెడు ఉప్పు వేస్తే అంకె చటుక్కున పెరుగుతుంది. అవే నీళ్లలో కలరా క్రిములున్నా అంకె కదలదు! కాబట్టి 'మా మెషీన్ నీళ్లు 30 చూపిస్తున్నాయి' అంటే అవి చప్పగా ఉన్నాయని అర్థం గానీ, అంతకుమించి ఆరోగ్యమని కాదు.

అలాగని ఆర్వో అక్కర్లేనిదని నేననను. ఉప్పు బోరు నీళ్లు తప్ప గతిలేని తీర గ్రామాలకీ, ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాలకీ అది ఎంతో మేలు చేసింది. నల్గొండ జిల్లాలో ఎముకలు వంకరపోయిన తరాలని చూశాం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ని తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు రూపొందిస్తే దానికి నల్గొండ పద్ధతి అన్న పేరే స్థిరపడిపోయింది. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. అలాంటి చోట ఆర్వో కొనడం విలాసం కాదు, అవసరం.

కానీ నదినీళ్లు కుళాయిలో వచ్చే ఇంటికి కావలసింది క్రిముల నుంచి రక్షణ. దానికి అల్ట్రావయొలెట్ దీపం ఉన్న యంత్రం చాలు. నీళ్లు తేటగా ఉండాలి, కరెంటు ఉండాలి, అంతే. అదీ వద్దంటే నీళ్లు తెర్లుతూ మరిగాక ఒక నిమిషం ఉంచి దించుకున్నా క్రిములు చస్తాయి.

పారబోసే నీళ్లకి లెక్కుందా?

ఇళ్లలో వాడే ఆర్వో యంత్రాలు లీటరు మంచినీళ్లివ్వడానికి సాధారణంగా రెండు, మూడు లీటర్లు బయటికి వదిలేస్తాయి. తాగడానికీ వంటకీ రోజుకి 15 లీటర్లు వాడే ఇంట్లో 30 నుంచి 45 లీటర్లు సింకులోకి పోతాయన్నమాట. ఏడాదికి 11,000 నుంచి 16,000 లీటర్లు! అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు, మూడు. ఎండాకాలం ట్యాంకరు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసే హైదరాబాద్ వాళ్లకి ఈ లెక్క విప్పి చెప్పనక్కర్లేదు. 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని పర్యావరణ శాఖని ఆదేశించింది కూడా. యంత్రాల తయారీదార్ల సంఘం ఆ మాట మీద సుప్రీంకోర్టుకి వెళ్లింది.

ఇక ఖర్చంటారా, కొన్న రోజుతో అయిపోదు. ముందుంది ముసళ్ల పండగ! మా అపార్ట్‌మెంట్‌లో నలుగురి రశీదులు తిరగేస్తే, ఫిల్టర్లకీ సర్వీసుకీ కలిపి ఏడాదికి మూడు నుంచి అయిదు వేలు అవుతోంది. ఈ అంకె ఏ ప్రకటనలోనైనా చూశారా?

పనిమనిషి చేతులూ వదల్లేదు

భయం అమ్మడం మరిగాక ఎక్కడ ఆపాలో తెలీదు. కరోనా రోజుల్లో, 2020 మేలో, కెంట్ ఆర్వో సంస్థ పిండి కలిపే యంత్రానికి ఒక ప్రకటన ఇచ్చింది. పనిమనిషి చేతుల్లో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, ఆమెతో పిండి కలిపించుకుంటారా అన్నది దాని సారాంశం. లాక్‌డౌన్‌తో అప్పటికే పని పోగొట్టుకుని అల్లాడుతున్న ఆడవాళ్లని వేలెత్తి చూపడం ఏం న్యాయమని జనం మండిపడ్డారు. ఆ సంస్థకి ప్రచారకర్తగా ఉన్న హేమమాలిని సైతం అది తన విలువలకి తగినది కాదన్నారు. సంస్థ ప్రకటన వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. ఒక ఆడదాని భయాన్ని రేపడానికి ఇంకో ఆడదాని పొట్ట కొట్టిన ప్రకటన అది. అయినా జనం గట్టిగా అడిగితే వెనక్కి తగ్గుతారని కూడా అప్పుడే తేలింది.

చట్టం మన వైపే ఉంది

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. దాని కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యగలదు. 2022లో ఓ ప్రసిద్ధ టూత్‌పేస్టు ప్రపంచంలో నంబర్ వన్ అని చెప్పుకున్నందుకు 10 లక్షలు వేసింది. ఐఎస్ఐ ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు అదే ఏడాది పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంస్థలకీ జరిమానా తప్పలేదు.

2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల్లో మనం గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. ప్రకటనలో షరతులు రాస్తే, గొప్పలు చెప్పుకున్న భాషలోనే రాయాలి, స్పష్టంగా కనబడేలా రాయాలి. మాటలన్నీ తియ్యటి తెలుగులో, షరతులు మాత్రం చీమతలకాయంత ఇంగ్లీషులో వేస్తే కుదరదు!

'99.9 శాతం క్రిములు మాయం' అన్నా సరే, ఏ క్రిములు, ఎక్కడ పరీక్షించారు అని అడగండి. లక్ష క్రిములున్న నీళ్లలో 99.9 శాతం పోయినా ఇంకా వంద మిగులుతాయి. లెక్కలు రాని వాళ్లమనుకుంటారు కాబోలు!

నోటికి జవాబు కాగితం

ఇంతకీ కింద పోర్షన్ అమ్మాయి ఏం చేసింది? మూడు సీసాల్లో నీళ్లు పట్టి పరీక్షకి ఇచ్చాం. వీధి కుళాయివి, మా పై ట్యాంకువి, వాళ్ల వంటింటివి. కుళాయి నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. పై ట్యాంకు నీళ్లలో మాత్రం మలినాల గుర్తుగా కోలిఫామ్ బ్యాక్టీరియా కనబడింది. ట్యాంకు కడిగి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు మరి! ఇంటికి నూట యాభై వేసుకుని కడిగించాం, క్లోరిన్ వేయించాం. రెండోసారి పరీక్షలో నీళ్లు బాగున్నాయని వచ్చింది. ట్యాంకు కడుక్కోమని ఏ ప్రకటనా చెప్పదు. అందులో లాభం లేదుగా!

ఆ అమ్మాయి ఏడు వేలలోపు ఓ అల్ట్రావయొలెట్ యంత్రం కొనుక్కుంది. పాప ఫీజు కట్టేసింది. పరీక్ష కాగితాన్ని మాత్రం ఫ్రిజ్ తలుపుకి అంటించింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారట. 'అయితే ఈ నీళ్లు మంచివేనన్నమాట' అన్నారట. నింద భయానికి మందు ఇంకో ఖరీదైన యంత్రం కాదు. అంకెలున్న కాగితం!

కొనేముందు అడగండి

* మీ నీళ్లలో ఏముందో ముందు పరీక్ష చేయించండి. బోరు నీళ్లయితే ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా చూడమనండి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.
* లీటరు మంచినీళ్లకి ఎన్ని లీటర్లు పారబోస్తుందో కాగితం మీద రాసిమ్మనండి.
* ఫిల్టర్లు, పొర ఎన్నాళ్లకోసారి మార్చాలి? అయిదేళ్లకి మొత్తం ఎంతవుతుంది? కొన్న ధరకి ఇది కలిపితేనే అసలు ధర.
* కడ్డీల ప్రయోగం చేస్తే చిటికెడు ఉప్పు తెచ్చి మళ్లీ చేయించండి.
* ఆర్వో ఇప్పటికే ఉంటే, వదిలేసే నీళ్లని బకెట్‌లో పట్టి గచ్చు కడగడానికి వాడండి. టీడీఎస్ మరీ ఎక్కువైతే మొక్కలకి పోయకండి.
* కుక్కరు కొంటే ఐఎస్ఐ గుర్తు, ఫ్రిజ్ కొంటే నక్షత్రాల పట్టీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో చూడండి. ప్రకటనలో ముఖం ఎవరిదన్నది లెక్కలోకి రాదు.
* మోసపోయామనిపిస్తే 1915కి ఫోన్ చెయ్యండి. మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యొచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా ఉండదు. రశీదు, ప్రకటన కాగితం మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.